కడపటి స్టేషను ధనుష్కోటి

రైలు పటములో ఒక స్టేషను పేరు చేరుటకు ఏదో కారణముండును. ఆ పేరు తొలగిపోవుటకును కారణముండును. పంటలు, గనులు, రేవులు, పుణ్యక్షేత్రములు స్టేషన్లను పుట్టించును. గని అడుగంటినను, రేవు పూడిపోయినను, ప్రక్కన మంచి రోడ్డు పడినను స్టేషను మూతపడును. ఇది సాధారణముగా ఏండ్ల తరబడి నెమ్మదిగా జరుగు పని. కాని తమిళనాడులోని ధనుష్కోటి స్టేషను ఒక్క రాత్రిలో పోయినది. 1964 డిసెంబరు 22వ తేదీ వరకు అది మద్రాసు నుండి సింహళమునకు (నేటి శ్రీలంకకు) పోవు మార్గములో భారతభూమిపై కడపటి స్టేషను. 23వ తేదీ తెల్లవారునప్పటికి స్టేషను లేదు, రేవు లేదు, ఊరు లేదు.

ఆ శిథిలములను చూడబోవు యాత్రికులకు నేడు దెయ్యముల కథలు వినిపించును. ఆ కథలకంటె అసలు చరిత్రయే విచిత్రమైనది. ఆ రాత్రి తుఫాను రామేశ్వరము మీదను వీచినది, పాంబను వంతెన మీదను వీచినది. రామేశ్వరము దెబ్బతిన్నను నిలిచినది. వంతెన విరిగినను మరల లేచినది. ధనుష్కోటి మాత్రము మరల లేవలేదు. ఎందుచేత? ఈ ప్రశ్నకు సమాధానము ఆ స్టేషను పుట్టుకలోనే ఉన్నది. ఏ సముద్రము లోతులేనిదగుటచేత అక్కడ స్టేషను కట్టవలసి వచ్చినదో, ఆ లోతులేని సముద్రమే దానిని ముంచినది.

లోతులేని సముద్రము

పటము తెరచి చూడుడు. భారతదేశపు ఆగ్నేయ తీరమున, రామనాథపురము జిల్లా కొసన పాంబను దీవి ఉన్నది. రామేశ్వరము ఈ దీవిలోనిదే. దీవి పడమటి భాగము వెడల్పుగా ఉండి, ఆగ్నేయమునకు పోనుపోను సన్నబడి, తుదకు ఒక ఇసుక నాలుకగా సముద్రములోనికి చొచ్చుకొనిపోవును. ఆ నాలుకపై, రామేశ్వరమునకు సుమారు 20 కి.మీ. దూరమున ధనుష్కోటి ఉండెడిది. సంస్కృతమున 'కోటి' యనగా వింటి కొన. రాముడు తన వింటి కొనతో సేతువును భంగపరచెనను స్థలపురాణమును బట్టి ఊరికి ఈ పేరు వచ్చినది. ఊరికి ఉత్తరమున పాక్ అఖాతము, దక్షిణమున మన్నారు సింధుశాఖ. రెండు సముద్రముల నడుమ నేల కొన్నిచోట్ల కిలోమీటరు వెడల్పు కూడ లేదు. నీటిమట్టమునకు కొద్ది మీటర్లకంటె ఎత్తును లేదు.

ధనుష్కోటి దాటిన పిమ్మట రామసేతువను పేరుగల ఇసుక తిన్నెలు, సున్నపురాతి మిట్టలు సింహళపు మన్నారు దీవి వరకు వరుసగా ఉన్నవి. వానిపై నీటి లోతు పెక్కుచోట్ల రెండు మూడు మీటర్లకు మించదు. ఉత్తరమున నున్న పాక్ అఖాతములో కూడ చాల భాగమున లోతు 15 మీటర్ల లోపే. అందుచేత పెద్ద ఓడలకు ఇచట త్రోవ లేదు. పడమటి తీరమునుండి తూర్పు తీరమునకు వచ్చు ఓడ సింహళమును చుట్టి రావలసినదే. ఓడలకు అడ్డమైన ఈ లోతులేమియే రైలుకు అనుకూలించినది.

స్టేషను పుట్టుక

19వ శతాబ్దమున మద్రాసు నుండి కొలంబోకు పోవువారు రైలులో తూత్తుకుడి చేరి, అక్కడ స్టీమరు ఎక్కి, రాత్రి యంతయు సముద్రముపై గడపెడివారు. సింహళపు తేయాకు తోటలకు తమిళ జిల్లాలనుండి వేలకొలది కూలీలు పోవుచు వచ్చుచుండిరి. వర్తకులు, యాత్రికులు సరేసరి. ధనుష్కోటి నుండి అవతలి ఒడ్డునగల తలైమన్నారు రేవునకు దూరము సుమారు 22 మైళ్ళు, అనగా 35 కి.మీ. మాత్రమే. సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీవారి దృష్టి ఈ ఇసుక నాలుకపై పడుటకు ఇదియే కారణము. తిన్నెలమీదుగా సింహళము దాక వంతెన వేయు ఆలోచన కూడ జరిగినది గాని, ఖర్చు ఎక్కువయగుటచేత దానిని విడిచిపెట్టిరి. చివరకు నిలిచిన ఏర్పాటు ఇది: ప్రధాన భూభాగమునుండి దీవికి ఒక వంతెన, దీవి కొస వరకు మీటరు గేజి పట్టాలు, అక్కడినుండి పడవ.

1914 ఫిబ్రవరి 24న పాంబను వంతెన ప్రారంభమైనది. నాటినుండి మద్రాసు ఎగ్మూరులో బయలుదేరిన 'బోట్ మెయిలు' దాదాపు 675 కి.మీ. నడచి ధనుష్కోటి రేవుకట్ట దాక పోయెడిది. ప్రయాణికులు రైలు దిగి, సుంకపు తనిఖీ ముగించుకొని, ఎదుటనే నిలిచియున్న పొగ ఓడ ఎక్కెడివారు. తలైమన్నారులో కొలంబో రైలు సిద్ధముగా ఉండెడిది. తొలుత కర్జను, ఎల్జిన్, హార్డింజి యను ఓడలు, తరువాత ఇర్విను, గోషెను అను ఓడలు ఈ జలసంధిపై తిరిగినవి. ఒక రాత్రి ప్రయాణము కొన్ని గంటలకు తగ్గినది.

ఇట్లు జాలరుల పల్లె ఒకటి రైలు ఊరైనది. స్టేషను, రైల్వే సిబ్బంది ఇండ్లు, సుంకపు కచేరి, తపాలా కార్యాలయము, బడి, ఆసుపత్రి, చర్చి వచ్చినవి. ఇసుక దిబ్బపై రాయి దొరకదు గనుక గోడలకు పగడపు రాయిని వాడిరి. ఈ రాయి ప్రవాళజీవులు నిర్మించిన కాల్షియం కార్బొనేటు. సముద్రమే ఇచ్చిన ఇటుక యనవచ్చును. స్టేషనుకు నీటితొట్టి అత్యవసరము. ఆవిరి యంత్రమునకు ఉప్పునీరు పనికిరాదు. నీరు ఆవిరిగా మారిన కొలది ఉప్పు బాయిలరులో పేరుకొని గొట్టములను పూడ్చివేయును. కాబట్టి చుట్టును సముద్రమున్నను మంచినీటిని నిలువచేసికొననిదే ఇంజను తిరిగి పోజాలదు.

ఈ మార్గమునకు సంబంధించిన ఒక ముచ్చట విద్యార్థులకు నచ్చును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున రామేశ్వరములో రైలు ఆగుట నిలిపివేసిరి. అప్పుడు వార్తాపత్రికల కట్టలను రామేశ్వరము, ధనుష్కోటి నడుమ కదలుచున్న రైలునుండి క్రిందికి విసరెడివారు. ఆ కట్టలను ఏరి తెచ్చుటలో తన బంధువునకు తోడ్పడిన బాలుడే, తరువాత రాకెట్ శాస్త్రజ్ఞుడుగాను, రాష్ట్రపతిగాను ప్రసిద్ధిచెందిన అబ్దుల్ కలాం. తన తొలి సంపాదన అదేయని ఆయన తన ఆత్మకథలో చెప్పుకొనిరి.

దొర్లుచు లేచు వంతెన

ధనుష్కోటికి ప్రాణనాడి పాంబను వంతెన. దాని పొడవు 2 కి.మీ. కంటె కొంచెము ఎక్కువ, స్తంభములు 143. ఇంతవరకు విశేషము లేదు. కాని ఆ కాలువగుండ చిన్న ఓడలు పోవుచుండెడివి. రైలుకు దారి కట్టినచో ఓడకు దారి మూసినట్లగును. ఈ చిక్కును తీర్చినది అమెరికాలోని షికాగో ఇంజనీరు విలియం షెర్జరు కనిపెట్టిన పద్ధతి.

వంతెన నడుమ ఒక భాగమును రెండు రెక్కలుగా చేసిరి. ఒక్కొక్క రెక్క బరువు 400 టన్నులకు పైన. ప్రతి రెక్క మొదలు భాగము చక్రపు ముక్కవలె గుండ్రముగా ఉండును. ఓడ వచ్చినప్పుడు ఆ చక్రపు ముక్క పట్టాపై వెనుకకు దొర్లును. దానితో రెక్క కొన పైకి లేచును. ఇంత బరువును లేపుటకు పెద్ద యంత్రము అక్కరలేదు. రెక్కకు వెనుక వైపున సరిపడు ప్రతిభారము ఉన్నందున మొత్తము బరువుల కేంద్రము దాదాపు ఒకే ఎత్తున ఉండును. గరుత్వాకర్షణకు విరుద్ధముగా చేయవలసిన పని బహు స్వల్పము. ఘర్షణను జయించినచో చాలును. అందుచేత కొందరు మనుష్యులు లీవర్లను త్రిప్పి ఆ రెక్కలను లేపెడివారు. త్రాసులో రెండు తట్టలు సమానమైనప్పుడు వ్రేలితో తాకినను కదలును గదా! సూత్రమదియే.

ఆ రాత్రి

1964 డిసెంబరు 17 ప్రాంతమున దక్షిణ అండమాను సముద్రములో ఒక అల్పపీడనము ఏర్పడినది. భూమధ్యరేఖకు అంత చేరువలో పుట్టిన వాయుగుండము పెనుతుఫానుగా మారుట అరుదు. ఇది మారినది. పడమటి దిశగా నడచి, 22వ తేదీన సింహళపు ఉత్తర భాగమును దాటి, ఆ రాత్రి ధనుష్కోటిని చేరినది. గాలి వేగము గంటకు 250 కి.మీ.లకు మించియుండునని అంచనా. సముద్రము ఇరువది అడుగులకు పైగా లేచెనని ఆనాటి వర్ణనలు చెప్పుచున్నవి.

అదే రాత్రి 11 గంటల 55 నిమిషములకు 653 నంబరు ప్యాసింజరు బండి పాంబనునుండి ధనుష్కోటికి బయలుదేరినది. అందులో వందకు పైగా ప్రయాణికులు, ఐదుగురు రైల్వే సిబ్బంది ఉండిరి. స్టేషను చేరువకు వచ్చునప్పటికి సిగ్నలు పనిచేయుట లేదు. డ్రైవరు కొంతసేపు బండిని ఆపి, పిదప విజిలు వేసి, ముందుకు పోనిచ్చెనని చెప్పుదురు. స్టేషను కొన్ని వందల గజముల దూరమున ఉండగా నీరు బండిని కప్పివేసినది. అందులో ఉన్నవారెవరును బ్రతుకలేదు. ఊరిలోని ఇండ్లును, స్టేషనును, రేవుకట్టయు కొట్టుకొనిపోయినవి. తంతి తీగెలు తెగిపోవుటచే ఈ వార్త బయటివారికి వెంటనే తెలియలేదు. తుఫానులో మరణించినవారు మొత్తము 1,800కు తక్కువ ఉండరని అంచనా.

ఉప్పెన ఎట్లు పుట్టును?

ఇంతటి నాశము గాలి వలననేయని మనము సామాన్యముగా అనుకొందుము. గాలి పైకప్పులను లేపును, చెట్లను కూల్చును. కాని పట్టాలతో సహా ఊరిని తుడిచిపెట్టునది నీరు. ఒక ఘనపు మీటరు సముద్రజలము బరువు సుమారు 1,025 కిలోగ్రాములు. అట్టి నీరు వరదవలె వేగముగా వచ్చి తాకినప్పుడు ఇసుకపై పునాదిగల గోడ నిలువదు. పునాది క్రింది ఇసుకయే కోసుకొనిపోవును.

సముద్రము పొంగుటకు ముఖ్యముగా రెండు కారణములు. మొదటిది వాయుపీడనము. తుఫాను నడిబొడ్డున గాలి బరువు తగ్గును గనుక అక్కడి నీరు కొంచెము ఉబ్బును. పీడనము ఒక మిల్లీబారు తగ్గినచో నీటిమట్టము సుమారు ఒక సెంటీమీటరు లేచును. పీడనము 50 మిల్లీబార్లు పడిపోయినను లేచునది అర మీటరు మాత్రమే. ఇది ఊరిని ముంచుటకు చాలదు.

రెండవ కారణమే ప్రధానమైనది. గాలి నీటి ఉపరితలమును ఒరయుచు దానిని ముందుకు నెట్టును. ఈ నెట్టుడు గాలి వేగపు వర్గమును బట్టి పెరుగును. వేగము రెట్టింపైనచో బలము నాలుగింతలగును. లోతైన సముద్రములో పైనీరు ముందుకు పోయినను, అడుగున నీరు వెనుకకు మరలుటకు చోటుండును. కాబట్టి మట్టము అంతగా లేవదు. లోతులేని చోట వెనుకకు పోవు దారి ఇరుకు. నీరు ఒడ్డున పోగుపడును. లోతు ఎంత తక్కువైన, పోగు అంత ఎక్కువ.

దీనిని స్థూలముగా లెక్కవేసి చూతము. సెకనుకు 50 మీటర్ల (గంటకు 180 కి.మీ.) గాలి 50 కి.మీ. పొడవుగల నీటిపై నిలకడగా వీచుచున్నదనుకొందము. నీటి లోతు 100 మీటర్లైనచో ఒడ్డున మట్టము సుమారు 35, 40 సెంటీమీటర్లు లేచును. లోతు 10 మీటర్లే అయినచో అదే గాలికి మట్టము మూడున్నర మీటర్లకు పైగా లేచును. దానిపై అలల ఎత్తు వేరు. గాలి ఒక్కటే, దూరము ఒక్కటే. తేడా లోతులో ఉన్నది.

ఇప్పుడు మరల పటము చూడుడు. ఉత్తరార్ధగోళములో తుఫాను గాలి అపసవ్యదిశగా, అనగా గడియారపు ముల్లు తిరుగు దిశకు ఎదురుగా తిరుగును. తుఫాను తూర్పునుండి వచ్చుచున్నప్పుడు దానికి పడమట ఉన్న ఊరిపై గాలి ఉత్తరమునుండి వీచును. ధనుష్కోటికి ఉత్తరమున నున్నది లోతులేని పాక్ అఖాతము. ఆ అఖాతపు నీరంతయు దక్షిణమునకు నెట్టబడి దీవి ఉత్తరపు ఒడ్డున పోగుపడుట సహజము. రామేశ్వరము వద్ద దీవి వెడల్పైనది, కొంత మెరక. నీరు లోనికి వచ్చినను పట్టణము మిగిలినది. ఇసుక నాలుక సన్ననిది, పల్లమైనది. నీటికి అది ఒడ్డు కాదు, దాటిపోవలసిన గట్టు మాత్రమే.

ఈ విషయమును తరగతిలో తేలికగా చూపవచ్చును. పొడవైన పళ్ళెములో ఒక సెంటీమీటరు నీరు పోసి, ఒక కొసనుండి విసనకర్ర యంత్రముతో గట్టిగా గాలి వీచవలెను. అవతలి కొసన నీటి ఎత్తును కొలబద్దతో గుర్తించవలెను. తరువాత నీటిని ఐదు సెంటీమీటర్లకు పెంచి అదే గాలితో మరల కొలువవలెను. తేడాను విద్యార్థులే కనిపెట్టుదురు. విద్యుత్తు తీగె తడి తగులకుండ ఉపాధ్యాయులు జాగ్రత్త వహింపవలెను.

వంతెన లేచినది, స్టేషను లేవలేదు

పాంబను వంతెనపై ఇనుప గర్డర్లలో అధికభాగము సముద్రమున పడిపోయినవి. స్తంభములును, షెర్జరు రెక్కలును నిలిచినవి. మరమ్మతుకు రైల్వే శాఖ మొదట ఆరు నెలల గడువు పెట్టగా, పై అధికారులు దానిని మూడు నెలలకు తగ్గించిరి. పని అప్పగింపబడిన యువ ఇంజనీరు ఇ. శ్రీధరను సముద్రములో పడిన గర్డర్లను వెదకించి, పైకి తీయించి, మరల స్తంభములపైకి ఎక్కించి 46 దినములలో వంతెనను నిలబెట్టిరి. తరువాత కొంకణ రైల్వేను, ఢిల్లీ మెట్రోను నిర్మించినది ఈయనే. ఆ వంతెనను 2007లో బ్రాడ్ గేజికి మార్చిరి. 2022 డిసెంబరు వరకు దానిపై రైళ్ళు నడచినవి. దాని ప్రక్కనే కట్టిన క్రొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైనది. అందులో 72.5 మీటర్ల భాగము దొర్లదు. నిలువుగా పైకి లేచును.

వంతెన తిరిగి లేచినను రైలు రామేశ్వరము దాటి పోలేదు. ధనుష్కోటి నివాసయోగ్యము కాదని మద్రాసు ప్రభుత్వము నిర్ణయించినది. సింహళపు పడవలు రామేశ్వరమునకు మారి, 1980ల నడిమి వరకు నడచి, అక్కడి అంతర్యుద్ధము వలన ఆగినవి. కడపటి స్టేషను పేరు పటమునుండి తొలగినది.

ఇది ఓటమి కాదు, వివేకము. స్తంభము అడుగు గట్టి నేలలో ఉన్నచో విరిగిన గర్డరును మార్చవచ్చును. కదలు ఇసుకను మార్చలేము. రెండు ఋతుపవనముల గాలులును, ప్రవాహములును ఈ నాలుకపై ఇసుకను అటునిటు మోయుచునే ఉండును. తుఫానుకు పదునైదేండ్ల ముందే, 1948-49లలో, ధనుష్కోటి దక్షిణ భాగము దాదాపు 5 మీటర్లు క్రుంగిపోయి ఒక పొడవైన నేల పట్టీ సముద్రములో కలసినదని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ శాఖవారి పరిశోధన తెలుపుచున్నది. అనగా ఆ రాత్రి కూలినది నిలకడైన నేలపై ఊరు కాదు. సముద్రము తాత్కాలికముగా ఎరువిచ్చిన నేలపై ఊరు.

మనము గ్రహింపవలసినది

ఉప్పెన యను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. 1864 నవంబరులో మచిలీపట్టణమును ముంచినది ఉప్పెనయే. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకొనిపడి సుమారు పదివేలమందిని పొట్టనబెట్టుకొన్నదియు ఉప్పెనయే. ఆ తీరమున కూడ సముద్రపు అడుగు మెల్లగా వాలియుండి, ఒడ్డు చేరువలో లోతు తక్కువ. ధనుష్కోటిలో పనిచేసిన సూత్రమే దివిసీమలోను పనిచేసినది.

మారినది మన ఎరుక. తుఫానులను కనిపెట్టుటకై మన దేశమున మొదటి రాడారును 1970లో విశాఖపట్నమున నెలకొల్పిరి. 1980లనుండి ఇన్సాట్ ఉపగ్రహములు మేఘములను ఎడతెగక చూచుచున్నవి. నేడు ఏ తీరమున నీరు ఎన్ని మీటర్లు లేచునో ముందుగా లెక్కకట్టి చెప్పుచున్నారు. 653 నంబరు బండి డ్రైవరుకు అట్టి సమాచారమేదియు లేదు. ఆయన ముందున్నది వెలుగని సిగ్నలు ఒక్కటే. నేడైనచో ఆ బండి పాంబనునుండి కదలదు. విజ్ఞానము గాలిని ఆపలేదు గాని, బండిని ఆపగలదు.

2017లో ధనుష్కోటి కొస వరకు రోడ్డు వచ్చినది. రైలును కూడ తిరిగి తెచ్చుటకు 2019 మార్చిలో శంకుస్థాపన జరిగినది, పర్యావరణ దృష్టితో అభ్యంతరములు వచ్చినవి, పట్టాలు పడలేదు. ఇట్టి పథకములను గూర్చి విద్యార్థులు చర్చించునప్పుడు, కట్టగలమా యను ప్రశ్నతో ఆగరాదు. ఇంజనీర్లు 1914లోనే కట్టగలిగిరి. అక్కడి నేల నూరేండ్లలో ఎట్లు కదలినది, ఒడ్డున నీటి లోతెంత, రాత్రివేళ ఉప్పెన వచ్చినచో అక్కడివారు ఏ దారిన బయటపడుదురు అని కూడ అడుగవలెను. 1964లో ధనుష్కోటివారికి ఉన్న దారి ఒక్కటే. అది ఆ రైలు మార్గము. ఆ రాత్రి దానిమీదుగానే నీరు వచ్చినది.